కిందికి దిగని చూపు

అమెరికా, అరిజోనా రాష్ట్రంలోని టూసాన్. 1994వ సంవత్సరం. మైక్ పార్సీగియన్ ఎముకల డాక్టరు. ఎవరైనా కుంటుతూ వస్తే లోపం మోకాలిలో ఉందా, తుంటిలో ఉందా, పాదంలో ఉందా అని తేల్చి చెప్పడం ఆయన రోజువారీ పని. భార్య సిండీ. ఇద్దరూ నోటర్ డేమ్ యూనివర్సిటీలో చదువుకున్నవాళ్లు. నలుగురు పిల్లలు. వాళ్లలో రెండోవాడు మైకేల్‌కు ఏడేళ్లు. ఆ పిల్లాడి నడకలో, చేతి పనిలో కొంతకాలంగా ఏదో తడబాటు కనిపిస్తోంది. దానికి కారణం తండ్రి చదివిన పుస్తకాల్లో దొరికేది కాదు. ఎముకలకూ కీళ్లకూ ఎంతో ఎగువన, మెదడు నడిమి భాగంలో బియ్యపు గింజంత మేర ఉన్న కణాల దగ్గరికి వెళితే గాని దాని జాడ తెలియదు. అంత లోపలి సంగతిని కళ్లు బయటికి చెబుతాయి.

ఈ జబ్బున్న పిల్లవాడు మొదటిసారి నరాల డాక్టరు ఎదుట కూర్చున్న గదిని కళ్ల ముందుకు తెచ్చుకుందాం. టూసాన్‌లో అయినా, లండన్‌లో అయినా, హైదరాబాద్‌లో అయినా ఆ గదిలో జరిగేది ఇదే.

బాబు కుర్చీలో కూర్చుని కాళ్లు ఊపుతున్నాడు. డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని అతని ఎత్తుకు వంగింది. ముందుగా అందరూ చేసే పరీక్షే.

"నా వేలినే చూడు. తల కదపకూడదు."

వేలు మెల్లగా కుడికి, ఎడమకు, పైకి, కిందికి కదిలింది. కళ్లు దాన్ని వదలకుండా వెళ్లాయి. కేసు షీటులో "కంటి కదలికలు మామూలే" అని రాసేసి ముందుకు పోవడం ఇక్కడే జరుగుతుంది. ఈ జబ్బున్న పిల్లల జీవితాల్లో ఏళ్లకు ఏళ్లు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాయి.

ఈ డాక్టరమ్మ ఆగలేదు. పై చేతిలో ఎర్ర పెన్ను పట్టుకుంది, కింది చేతిలో నీలం పెన్ను.

"ఎర్రది చూడు. ఊఁ... ఇప్పుడు నీలంది చూడు."

బాబు రెప్పలు గట్టిగా ఒకసారి మూసి తెరిచాడు. గడ్డం ఛాతీ మీదికి వాలింది. తలంతా వంగాక గాని చూపు నీలం పెన్ను మీదికి రాలేదు.

"తల వంచకుండా చూడాలి నాన్నా. కళ్లతోనే."

తల్లి వెనక నుంచి రెండు చేతులతో తల పట్టుకుంది. బాబు ప్రయత్నించాడు. ప్రయత్నం ముఖమంతా కనిపిస్తోంది. కనుగుడ్లు తిన్నగా దిగలేక పక్కకు ఒంపు తిరిగి, ఆలస్యంగా, సగం దూరం వచ్చి నిలిచిపోయాయి. అవే పెన్నులను కుడి ఎడమలుగా పట్టుకుంటే చూపు చటుక్కున ఇటు నుంచి అటు గెంతింది. పైకీ కిందికీ మాత్రమే దారి మూసుకుపోయింది.

"ఇప్పుడు నా ముక్కునే చూస్తూ ఉండు" అని డాక్టరమ్మ అతని తల తన చేతుల్లోకి తీసుకుని నెమ్మదిగా వెనక్కి వంచింది. అంతవరకు ఎంత అడిగినా దిగని కళ్లు ఇప్పుడు వాటంతట అవే నిండుగా కిందికి దిగాయి.

చూసేవాళ్లకు అదేదో కనికట్టులా ఉంటుంది. నరాల డాక్టరుకు మాత్రం జబ్బు ఎక్కడుందో వేలు పెట్టి చూపించినట్టే. కళ్లను దించే కండరం బాగుంది, కండరానికి వెళ్లే నరమూ బాగుంది. తల కదిలినప్పుడు చూపు నిలకడగా ఉండేందుకు లోపలి చెవి నుంచి వచ్చే సంకేతమూ దారి తప్పకుండా అందుతోంది. అందనిది ఒక్కటే: "కిందికి చూడు" అని మనసు తలచుకున్నప్పుడు పుట్టాల్సిన ఆజ్ఞ.

ఒక వస్తువు మీది నుంచి మరో వస్తువు మీదికి చూపు వేసే గెంతును వైద్యులు సకాడ్ అంటారు. ఒంట్లో ఇంత వేగంగా కదిలేవి చాలా తక్కువ. పెద్ద గెంతులో కన్ను సెకనుకు 400 డిగ్రీలకు మించిన వేగంతో తిరుగుతుంది. పుస్తకంలో ఒక పంక్తి ముగించి కింది పంక్తి మొదటికి రావడం, ముద్ద కలుపుతూ కంచం వైపు చూడడం, మెట్టు దిగుతూ పాదం వైపు చూడడం, అన్నీ సకాడ్లే. పక్కలకు వేసే గెంతును పుట్టించే కణాలు మెదడు కాండంలో కాస్త కింద, పాన్స్ అనే భాగంలో ఉన్నాయి. పైకీ కిందికీ వేసే గెంతును పుట్టించేవి వేరు, అవి మధ్య మెదడులో ఉన్నాయి. రెండిటికీ చోట్లు వేరు కాబట్టే ఒకటి చెడి రెండోది మిగులుతుంది. ఈ జబ్బుతో చనిపోయినవారి మెదడును పరీక్షించినప్పుడు ఆ మధ్య మెదడు కణాలు బాగా తరిగిపోయి కనిపించాయి. వేలి వెంట నిదానంగా కదిలే చూపుకు వేరే ఏర్పాటుంది, అది చాలాకాలం నిలుస్తుంది. అందువల్లే వేలి పరీక్ష ఒక్కటే చేసిన డాక్టరుకు ఏమీ దొరకదు. కన్ను అబద్ధం చెప్పలేదు. అడగాల్సిన ప్రశ్న అడగలేదు, అంతే.

జబ్బు పేరు నీమన్-పిక్, టైప్ సి. బెర్లిన్‌లో పిల్లల వైద్యుడు ఆల్బర్ట్ నీమన్ 1914లో ఈ కోవ జబ్బుల్లో ఒకదాన్ని వర్ణించాడు. తర్వాత లుడ్విగ్ పిక్ దాన్ని విడిగా గుర్తించాడు. యూదుడైన పిక్ 1944లో నాజీల థెరేసియన్‌స్టాట్ నిర్బంధంలో చనిపోయాడు. సి రకం విడిగా తేలడానికి ఇంకా సమయం పట్టింది. 1973లో లండన్ వైద్యులు తొమ్మిదిమంది రోగుల గురించి రాసిన పత్రం శీర్షికలోనే నిలువు చూపు పక్షవాతం ఉంది. ఏ రసాయనం తప్పిందో తెలియని రోజులవి. ఆ తొమ్మిదిమందినీ ఒక్కచోట చేర్చిన గుర్తుల్లో కంటి కదలిక ముందు వరసలో నిలిచింది. ప్రయోగశాల కంటే ముందు జబ్బును పట్టింది పిల్లల కళ్లను ఓపిగ్గా చూసిన మనుషులు. ఈ సంగతి నాకు ఎంతో విలువైనదిగా కనిపిస్తుంది. రక్త పరీక్షలు, జన్యు పరీక్షలు ఎన్ని వచ్చినా, ఏ పిల్లవాడిని వాటికి పంపాలో నిర్ణయించేది ఇప్పటికీ చాలాసార్లు ఆ చూపే.

లోపల జరిగేది ఇది. రక్తంలో తిరిగే కొలెస్ట్రాల్‌ను కణం లోపలికి తీసుకుని లైసోజోమ్ అనే గదికి చేరుస్తుంది. ఆ గది గోదాము లాంటిది. సరుకు వస్తుంది, విడదీస్తారు, కావలసిన చోటికి పంపుతారు. ఈ పిల్లల్లో గోదాము వెనక తలుపు తెరుచుకోదు. లోపల కొలెస్ట్రాల్, మరికొన్ని కొవ్వులు పేరుకుపోతాయి, బయట కణం మాత్రం కొరతలోనే ఉంటుంది. కాలేయం, ప్లీహం ఉబ్బుతాయి. మెదడు కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతాయి. కొందరిలో పుట్టిన కొత్తల్లోనే కామెర్లు చాలా రోజులు తగ్గకుండా ఉంటాయి. తర్వాత అవి పోతాయి, ఇంట్లో అందరూ మర్చిపోతారు. ఐదో ఏటో, ఏడో ఏటో పిల్లవాడు తూలడం, రాత చెడడం, మాట ముద్దగా రావడం మొదలవుతుంది. కొందరు పిల్లలు పకపకా నవ్వుతూ ఉన్నట్టుండి ఒళ్లు సడలి కూలిపోతారు, స్పృహ మాత్రం తప్పరు. ఇల్లంతా నవ్వుతున్న క్షణంలో బిడ్డ నేల మీద పడి ఉండడం చూసిన తల్లికి ఇక ఆ తర్వాత నవ్వించాలన్నా భయమే.

మైకేల్ జబ్బుకు పేరు తెలిశాక పార్సీగియన్ల ఇంట్లో ముందుకొచ్చిన ప్రశ్న మిగతా పిల్లల సంగతి ఏమిటని. ఇది తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి చొప్పున చెడిన జన్యువులు రెండూ బిడ్డలో కలిస్తే వచ్చే జబ్బు. మైక్, సిండీ ఇద్దరూ పూర్తి ఆరోగ్యవంతులు. తమ ఒంట్లో అలాంటి జన్యువు ఉందన్న అనుమానం రావడానికి ఏ ఆధారమూ లేదు. ప్రతి కాన్పుకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. నలుగురు పిల్లలుంటే ఒకరికే వస్తుందని దీని అర్థం కాదు. ప్రతి బిడ్డకూ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పరీక్షలు చేశారు. ఒంటి మీద నుంచి చర్మం ముక్క తీసి, కణాలను పెంచి, కొలెస్ట్రాల్‌కు అంటుకుని మెరిసే రంగు వేసి మైక్రోస్కోపులో చూసే పద్ధతి ఆ రోజుల్లో ఈ జబ్బుకు గట్టి ఆధారం. పెద్దబ్బాయికి జబ్బు లేదు. మార్సియాకు ఉంది. మూడేళ్ల క్రిస్టాకు ఉంది. ఆడుకుంటూ, తింటూ, అల్లరి చేస్తూ ఉన్న ఇద్దరు ఆడపిల్లలు. అన్నయ్యకు రేపు ఏమవుతుందో చూస్తూ, తమకు ఎల్లుండి ఏమవుతుందో తెలియకుండా పెరగబోయే పిల్లలు. మందు లేదని చెప్పారు. టీనేజీ దాటడం కష్టమన్నారు.

తాతయ్య అప్పటికి డెబ్బై దాటాడు. ఆయన అరా పార్సీగియన్. అమెరికన్ ఫుట్‌బాల్ తెలిసిన వాళ్లకు ఆ పేరు పరిచయం చేయనక్కర్లేదు. మన ఫుట్‌బాల్ కాదు, అండాకారపు బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట. 1963లో రెండు మ్యాచ్‌లే గెలిచి ఏడు ఓడిన నోటర్ డేమ్ జట్టును మరుసటి ఏడు చేతిలోకి తీసుకుని తొమ్మిది గెలిపించిన కోచ్. 1966లో, 1973లో దేశ చాంపియన్‌షిప్ తెచ్చాడు. ఆట వదిలేసి ఇరవై ఏళ్లయింది. ఆ పేరుకున్న పలుకుబడినంతా ఇప్పుడు మనవల కోసం బయటికి తీశాడు. 1994లోనే టూసాన్‌లో అరా పార్సీగియన్ మెడికల్ రీసెర్చ్ ఫౌండేషన్ పుట్టింది. మైక్, సిండీ దాన్ని భుజాన వేసుకున్నారు. ఆట అభిమానులు, నోటర్ డేమ్ పూర్వ విద్యార్థులు విరాళాలు పంపారు. ఆ డబ్బుతో ఒక అరుదైన జబ్బు మీద ఎవరికి వారుగా పనిచేస్తున్న శాస్త్రవేత్తలను ఒకచోట కూర్చోబెట్టారు.

దారి కొంత ముందే పడి ఉంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలో పీటర్ పెంచెవ్ 1980ల నుంచి ఈ కొలెస్ట్రాల్ చిక్కును వెంటాడుతున్నాడు. ఇలాంటి లోపమే ఉన్న ఎలుకలను చూసి, రోగుల కణాల్లో కొలెస్ట్రాల్ కదలిక తప్పిందని చూపించినవాడు ఆయనే. లోపం 18వ క్రోమోజోమ్ మీద ఉందని తేలింది. ఇక ఆ క్రోమోజోమ్‌లో ఏ జన్యువన్నదే మిగిలింది.

ఇక్కడ రెండు గడియారాలు నడిచాయి. ఒకటి ప్రయోగశాలలో, రెండోది ఇంట్లో. ఇంట్లోది ఆగలేదు. 1997 మార్చిలో మైకేల్ చనిపోయాడు. పదో పుట్టినరోజు ఇంకా రాలేదు. అదే ఏడాది జులైలో సైన్స్ పత్రికలో జన్యువు బయటపడింది. దాని పేరు ఎన్‌పీసీ1. గోదాము వెనక తలుపు అదే. మధ్యలో నాలుగు నెలలు కూడా లేవు. నిజానికి ఆ నాలుగు నెలలు ముందొచ్చినా మైకేల్ బతికేవాడు కాదు. జన్యువు తెలియడం వేరు, మందు రావడం వేరు. ఆ సంగతి అందరికంటే బాగా తెలిసిన ఆ తల్లిదండ్రులు ఫౌండేషన్ మూసేయలేదు. క్రిస్టా 2001లో వెళ్లిపోయింది. మార్సియా 2005లో, పదహారేళ్లకు. మనవలు ముగ్గురినీ సాగనంపి, తాతయ్య 2017లో 94 ఏళ్లకు కన్నుమూశాడు.

వాళ్లు వేసిన దారిలో తర్వాత ఎవరెవరో నడిచారు. 2011లో ఊహించని చోట ఎన్‌పీసీ1 మళ్లీ కనిపించింది: ఎబోలా వైరస్ కణం లోపలికి చొరబడాలంటే ఈ ప్రొటీన్‌ను పట్టుకోవాల్సిందేనని తేలింది. కొద్దిమంది పిల్లల జబ్బు కోసం వెతికిన జన్యువు ఆఫ్రికా ఊళ్లను వణికించిన మహమ్మారి అధ్యయనానికి పనికొచ్చింది.

మందు విషయంలో చూపు కథ ఒక చుట్టు తిరిగింది. గాషే అనే మరో కొవ్వు జబ్బుకు వాడుతున్న మిగ్లుస్టాట్ క్యాప్సూళ్లు నీమన్-పిక్ సి పిల్లలకు పనికొస్తాయా అని పరీక్షించాలనుకున్నప్పుడు ఒక చిక్కు ఎదురైంది. ఏళ్ల తరబడి నెమ్మదిగా సాగే జబ్బులో మందు పనిచేసిందో లేదో ఏడాదిలో ఎలా తెలుసుకోవడం? డాక్టర్లు కంటినే కొలబద్దగా ఎంచుకున్నారు. 2007లో లాన్సెట్ న్యూరాలజీలో అచ్చయిన ఆ పరీక్షలో 12 ఏళ్లు నిండిన 29 మంది ఉన్నారు. అందులో ప్రధానంగా కొలిచింది చూపు పక్కలకు గెంతే వేగం. నిలువు గెంతు చాలామందిలో అప్పటికే పోయింది, కొలవడానికి మిగిలింది అడ్డం గెంతే. మందు జబ్బును నయం చేయలేదు గాని కొంత నెమ్మదింపజేసిందని తేలింది. 2009లో యూరప్ ఈ జబ్బుకు దాన్ని అనుమతించింది. అమెరికాలో ఇంకా పదిహేనేళ్లు పట్టింది. 2024 సెప్టెంబర్‌లో నాలుగు రోజుల తేడాతో రెండు మందులకు అక్కడ ఆమోదం దొరికింది: మిగ్లుస్టాట్‌తో కలిపి వాడే అరిమోక్లోమాల్, తర్వాత లెవాసిటైల్‌ల్యూసిన్. ఈ రెండోదాని దగ్గరి బంధువును ఫ్రాన్స్‌లో తల తిరుగుడుకు 1957 నుంచి వాడుతున్నారు. ఇవేవీ చచ్చిపోయిన కణాలను తిరిగి తేలేవు. ఎంత ముందుగా మొదలుపెడితే అంత మిగులుతుంది. ఎర్ర పెన్ను, నీలం పెన్ను పరీక్ష 1994లో కుటుంబానికి చెప్పగలిగింది కేవలం చెడ్డ కబురు. ఇవాళ ఆ పరీక్ష ఆలస్యమైతే పిల్లవాడు నిజంగా ఏదో పోగొట్టుకుంటాడు.

మన దగ్గర దీని సంగతి ఇంకా గట్టిగా మాట్లాడుకోవాలి. మైక్, సిండీ బంధువులు కారు. కేవలం యాదృచ్ఛికంగా రెండు చెడు జన్యువులు ఒక ఇంట్లో కలిశాయి. మేనరికాల్లో ఆ యాదృచ్ఛికం బాగా తగ్గిపోతుంది. బావామరదళ్ల మధ్య జన్యువుల్లో ఎనిమిదో వంతు ఉమ్మడి, మేనమామకూ మేనకోడలికీ నాలుగో వంతు. తరతరాలుగా ఆస్తి, ఆప్యాయత చెదరకూడదని చేసుకున్న పెళ్లిళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. మేనరికం చేసుకున్న ఎక్కువ జంటలకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. కానీ ఒక బిడ్డకు ఇలాంటి జబ్బు బయటపడ్డ ఇంట్లో, తల్లిని నిందించడమో, గ్రహాలు చూపించుకోవడమో కాకుండా తర్వాతి కాన్పు గురించి జన్యు వైద్యులను అడగాలి. ఆ ఇంటి జన్యు మార్పు ఏదో ముందే తెలిస్తే గర్భం మూడో నెలలోనే పరీక్ష చేసి చెప్పగలరు. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి అరుదైన జబ్బుల కోసం కేంద్రం గుర్తించిన నిపుణ కేంద్రాల్లో ఒకటి. దారి అక్కడే ఉంది.

కళ్లు చెప్పేది ఈ ఒక్క జబ్బు గురించే కాదు. బాగా ఆడుతున్న ఏడాదిన్నర బిడ్డ ఉన్నట్టుండి నడక తప్పి, కనుగుడ్లు అన్ని దిక్కులకూ అదుపు లేకుండా చిందులేస్తుంటే, కడుపులోనో ఛాతీలోనో వెన్ను పక్కన న్యూరోబ్లాస్టోమా అనే గడ్డ దాగి ఉందేమోనని వెతకాలి. ఆ లక్షణమున్న పిల్లల్లో దాదాపు సగం మందిలో అది దొరుకుతుంది. తల పెరిగిపోతూ, నల్లగుడ్డు కింది రెప్ప కిందికి వాలి పైన తెల్లగుడ్డు కనిపిస్తుంటే మెదడులో నీరు చేరి ఒత్తిడి పెరిగిందని అనుమానించాలి. కొత్తగా మెల్ల వచ్చి, తలనొప్పి, పొద్దున్నే వాంతులు తోడైతే "మెల్లకన్ను అదృష్టం" అని ముద్దు చేయకుండా ఆ రోజే తీసుకెళ్లాలి. పక్కకు చూడాలంటే కంటి బదులు తల విసిరే పిల్లల గురించి బోస్టన్‌లో కంటి డాక్టరు డేవిడ్ కోగన్ 1952లోనే రాశాడు.

ఏడేళ్ల పిల్లవాడు మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని తలంతా వంచుతున్నాడా? కంచంలో తన ముందున్నది వదిలేస్తున్నాడా? కింది పంక్తి దొరక్క చదివిందే చదువుతున్నాడా? బడిలో దాన్ని బద్ధకమనో అజాగ్రత్త అనో అంటారు. ఫోనులో ఒక నిమిషం వీడియో తీయండి, మెట్లు దిగుతున్నప్పుడు, ముఖం కనిపించేలా. పుట్టినప్పుడు కామెర్లు వచ్చిన ఆస్పత్రి కాగితాలు బీరువాలో ఉంటే తీసి పెట్టుకోండి. పొట్ట స్కానింగులో ఎప్పుడైనా ప్లీహం పెద్దదని రాశారేమో చూడండి. పిల్లల నరాల డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు ఒక్క మాట అడగండి: "డాక్టరు గారూ, వేలి వెంట చూడటం సరే. పైకీ కిందికీ చటుక్కున చూడగలుగుతున్నాడా, అది కూడా ఒకసారి చూస్తారా?"